రెండు దెబ్బల మేస్త్రి కొన్న సుత్తి

మా వీధిలో చెక్క పని చేసే బాబాయిని పేరు పెట్టి పిలిచినవాళ్ళని నేనెరగను. ఎంత పొడుగు మేకునైనా రెండే దెబ్బల్లో దూలంలోకి దింపేస్తాడని అందరూ ఆయన్ని రెండు దెబ్బల మేస్త్రి అంటారు. మొదటి దెబ్బకి మేకు నిలబడుతుంది, రెండో దెబ్బకి కనబడదు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకుని నిచ్చెన ఎక్కేటప్పుడు కింద ఎవరైనా ఆ పేరుతో పలకరిస్తే చాలు, మెట్లు రెండేసి ఎక్కుతాడు.

ఆ గొప్పలో సగం ఆయన సుత్తిది. దాని తల కిలోకి కాస్త తక్కువ. దాన్ని ఇరవై ఏళ్ళు ఎత్తీ ఎత్తీ కుడి మోచెయ్యి వాచింది. మంచినీళ్ళ గ్లాసు కూడా ఎడమ చేత్తో ఎత్తేవాడు. "ఊరికే, అలవాటు మారుస్తున్నా" అనేవాడు. పిన్ని నమ్మినట్టే ఉండేది. గ్లాసు మాత్రం ఆయనకి ఎడమవైపు పెట్టడం మొదలుపెట్టింది.

డాక్టరు ఆ చేతిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంకోసారి వాచిందంటే సుత్తి మాట మర్చిపోవాలి మేస్త్రీ. పీటలకి గరుకు కాగితం రుద్దుకుంటూ ఇంట్లో కూర్చోవడమే. తేలికపాటిది కొనుక్కోండి."

"తేలికపాటి సుత్తితో గోడకి పటాలు తగిలిస్తారు. కప్పులు వెయ్యరు" అన్నాడు బాబాయి.

అప్పటికే చిన్నపిల్లల బడి వరండాకి కొత్త కప్పు వేస్తానని మాటిచ్చాడు. వానలకి ఇంకా మూడు వారాలే ఉంది.

పాత సుత్తికి డాక్టరు మాట వినబడిందేమో, ఆ సాయంత్రమే దాని తల పిడి నుంచి ఊడి, ఎగిరి, పెరట్లో నీళ్ళ కుండ మీద పడింది.

"కుండ పోతే పోయింది. అక్కడ నా తల లేదు, దేవుడు చల్లగా చూశాడు" అంది పిన్ని.

"పిడి మారిస్తే సరిపోతుంది."

"మార్చాల్సింది పిడిని కాదు, మిమ్మల్ని."

ఇనప సామాన్ల కొట్టు గుమ్మం పక్కన సుత్తులు పరీక్షించుకోవడానికి ఒక దుంగ పడేసి ఉంటుంది. మూడు రోజుల్లో బాబాయి దాన్ని ముళ్ళపందిని చేశాడు. తలుపు బందులు కొనడానికి వెళ్ళిన నేను పని మర్చిపోయి నిలబడ్డాను. ఏ సుత్తి చూపించినా ఆయన ఏదో ఒక వంక పెడుతున్నాడు. ఇనప పిడిదైతే "ఇది దెబ్బంతా నా చేతికే తిరిగిచ్చేస్తోంది" అన్నాడు. కొమ్ములు బాగా వంగినదైతే "ఇది మేకులు పీకేవాళ్ళకి. అంటే తప్పులు కొట్టేవాళ్ళకి" అన్నాడు. మేకుని కొట్టే ముఖం మీద గరుకుగా గళ్ళు కోసి ఉన్న సుత్తిని కొట్టాయన తీశాడు.

"మేకు మీద జారదు మేస్త్రీ."

"చెక్క మీద గళ్ళ గుర్తులు పడతాయి."

"కప్పు పైన ఎవరు చూస్తారయ్యా?"

"పైన చూసేవాడు ఒకడున్నాడుగా!"

కొట్టాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "నీ పెళ్ళికి కూడా ఇంత ఆలోచించి ఉండవు!"

"అందుకే ఇప్పుడు ఆలోచిస్తున్నా" అన్నాడు బాబాయి. పిన్ని తన వెనకే వచ్చి నిలబడిందని ఆయనకి తెలియదు.

ఆవిడ ముందుకొచ్చింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఆయన కళ్ళకే గంతలు కట్టింది. "కళ్ళు పెద్దదే కావాలంటాయి. నిజం చెయ్యి చెబుతుంది. ఒక్కోటీ ఇస్తా, కొట్టండి."

"మరి మేకు ఎవరు పట్టుకుంటారు?" అన్నాడు బాబాయి గంతల లోపలి నుంచి.

కొట్లో అందరూ మంచివాళ్ళే. అయినా అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. ఉత్త దుంగనే కొట్టమన్నారు.

మూడు సుత్తులకి పెదవి విరిచాడు. నాలుగోది ఆడించి, ఒక దెబ్బ వేసి, ఆగాడు. మళ్ళీ వేశాడు. ముఖం విప్పారింది. "ఇదీ సుత్తంటే! చేతికి నొప్పి తెలియకుండా దిగుతోంది. నే చెప్పలా, బరువుంటేనే దెబ్బ!"

గంతలు విప్పి చూస్తే అది అన్నిట్లోకీ తేలికైనది. తల బరువు పాతదాంట్లో సగం. చెక్క పిడి మాత్రం దానికన్నా బెత్తెడు పొడుగు. "పిడి పొడుగైతే తల జోరుగా తిరుగుతుంది మేస్త్రీ. ఆ జోరే బరువు పని చేస్తుంది" అన్నాడు కొట్టాయన నవ్వాపుకుంటూ.

బాబాయి మేకు పెట్టి కొట్టాడు. ఒకటి. రెండు. మేకు తల ఇంకా బయటే ఉంది. మూడో దెబ్బకి దిగింది.

"మూడు" అన్నాడు, ఎవరో పోయారని కబురు వచ్చినట్టు.

పిన్ని అదే కొంది.

బడి మా రెండిళ్ళ ఉమ్మడి పెరటి గోడ అవతలే. పని మొదలైన రెండో రోజున పిన్ని గోడ దగ్గర బట్టలు ఆరేస్తూ ఆగిపోయింది. "విను నాయనా" అంది నాతో.

విన్నాను. టక్, టక్, టక్. అంటే కొత్త సుత్తి. కాసేపటికి దారిన ఎవరో "ఏం, రెండు దెబ్బల మేస్త్రీ!" అన్నారు. వెంటనే ధన్, ధన్. మనిషి వెళ్ళిపోయాక మళ్ళీ టక్, టక్, టక్.

పాతదానికి గుట్టుగా పిడి వేయించి, మేకుల సంచి అడుగున దాచి తీసుకెళుతున్నాడన్నమాట. జనం చూస్తే పెద్దది, చూడకపోతే చిన్నది. ఆ పూట కూడా ఆయన నీళ్ళ గ్లాసుని ఎడమ చేత్తోనే ఎత్తడం నేనూ చూశాను.

"ఇంటికొచ్చాక నిలదియ్యి పిన్నీ."

"వద్దు. పరువున్న మనిషి" అంది.

ఆవిడ ఇంటింటికీ వెళ్ళి ఒక్క మాటే అడిగింది: బడి ముందు నుంచి వెళ్ళేటప్పుడు పైకి చూడకండి, పలకరించకండి. మర్నాటి నుంచి వీధి వీధంతా తల దించుకుని నడిచింది. టీచరమ్మ పుస్తకంలో తల దూర్చి లోపలికి వెళ్ళేది. కొట్టాయన ఏదో పారేసుకున్నవాడిలా నేల వెతుక్కుంటూ పోయేవాడు. అలా వెళ్ళి ఓసారి స్తంభాన్ని గుద్దుకుని, దానికే క్షమాపణ చెప్పాడు. గోడ ఇవతల మాకు వారం రోజులు టక్, టక్, టక్ తప్ప మరొకటి వినబడలేదు.

చివరి వాసం నాడు, నేనూ బడి ముందు నుంచి వెళుతుండగా, బాబాయి ఉండబట్టలేకపోయాడు. పైనుంచి కేకేశాడు. "ఏమర్రా, వీధిలో అందరికీ మెడలు పట్టేశాయా? ఒక్కరూ చూడరేం?"

పాలు పోసే ముసలమ్మకి అబద్ధం చేతకాదు. "చూస్తే నువ్వు పెద్ద సుత్తి తీస్తావు, చెయ్యి వాస్తుంది, చూడకండమ్మా అని మీ ఆవిడ బతిమాలింది నాయనా."

పైన మేకుల సంచి గలగలలాడింది. నడుస్తున్నవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగారు, తలలు మాత్రం ఎత్తలేదు. కాసేపటికి తాడు కట్టిన పాత సుత్తి, బావిలోకి చేద దిగినట్టు, మెల్లగా కిందికి వచ్చింది. క్యారేజీ పట్టుకొచ్చిన పిన్ని దాన్ని అందుకుంది.

"ఇక చూడండి" అన్నాడు బాబాయి.

అందరం తలలెత్తాం. చేతులు జోడించి దణ్ణం పెట్టుకున్నాడు. ఆఖరి మేకు నిలబెట్టాడు. టక్. టక్. ఒక్క క్షణం ఆగి మా అందరి ముఖాలూ చూశాడు. టక్.

"మూడోది నా తరఫున ఊరికే" అన్నాడు.

మర్నాడు సాయంత్రమే వాన పడింది. పిల్లలు వరండాలో పొడిగా కూర్చున్నారు. బాబాయి ఇంట్లో పాత సుత్తి గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉంది. పిన్ని మంచినీళ్ళు తెచ్చి, మాట్లాడకుండా గ్లాసు ఆయనకి కుడివైపున పెట్టింది. ఆయన కుడి చేత్తో ఎత్తి గటగటా తాగేసి, "ఇంకో గ్లాసు" అన్నాడు.