ఏటేటా మెత్తే గోడ

మేడమ్ పోయారని అంకుల్ ఫోన్ చేసినప్పుడు నేను ఇక్కడ టెక్సస్‌లో, మా ఇర్వింగ్‌లో ఇండియన్ స్టోర్ బయట కార్లో సామాను సర్దుతున్నాను. "మీ మేడమ్ వెళ్లిపోయిందమ్మా. తెల్లవారుజామున, నిద్రలోనే" అన్నారు. ఆ వెంటనే ఆయనే, "సాయంత్రం వర్షం అంటున్నారు. గోడ మీద కప్పిన టార్ప్ పట్టా గాలికి లేచిపోయింది. మీ ఆయన్ని ఒకసారి పంపిస్తావా?" అని అడిగారు. భార్య పోయిన పూట ఈయనకు టార్ప్ గోల ఏమిటని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం దుఃఖం అప్పుడే పొంగుకొచ్చింది. ఆ గోడ సంగతి చెబితే ఆవిడ సంగతి చెప్పినట్టే.

పెళ్లయి ఈ దేశం వచ్చిన కొత్తలో నాది హెచ్‌ఫోర్ వీసా. ఉద్యోగం చేయకూడదు, డ్రైవింగ్ రాదు. అపార్ట్‌మెంట్‌లో ఒక్కదాన్నీ కూర్చోలేక కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం క్లాసుకి చేరాను. తొలి నాగరికతల కోర్సు. చరిత్ర మీద ప్రేమ ఏమీ లేదు, మావారు ఆఫీస్ నుంచి వచ్చి దింపే టైముకి అదొక్కటే ఉంది. నేత చీర మీద స్వెటర్, కాళ్లకు స్నీకర్స్ వేసుకున్న ఒకావిడ లోపలికొచ్చి, చేతిసంచిలోంచి పచ్చి ఇటుక ఒకటి తీసి టేబుల్ మీద పెట్టారు. అందరూ ఆ ఇటుకను చూస్తుంటే నేను ఆవిడ మట్టిగాజులు చూశాను. క్లాసయ్యాక నా దగ్గరికి వచ్చి, "గుంటూరా, తెనాలా?" అన్నారు. తెనాలే.

మేడమ్ క్లాసులో రాజులు కనిపించేవారు కాదు. "వాళ్ల గొప్పలు వాళ్లే చెక్కించుకున్నారు, మనం కూడా చెప్పాలా?" అనేవారు. శిథిలాల ఫొటో వేసి ఆవిడ అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఈ ఇంట్లో చీపురు ఎక్కడ పెట్టేవాళ్లు? మొదట్లో నవ్వేవాళ్లం. చీపురు వెతకబోతే పొయ్యి కనిపించేది, పొయ్యి పక్కన బూడిద, బూడిద పారబోసే సందు. వెనకటి టర్కీలో ఒక ఊరు ఉండేదట. ఇళ్లన్నీ ఒకదానికొకటి అంటుకుని, వీధి అన్నదే లేకుండా, పైకప్పు మీంచి నిచ్చెనతో ఇంట్లోకి దిగేవాళ్లట. అక్కడి గోడల్ని కోసి చూస్తే పూత మీద పూత, పూత మీద పూత. ఏటేటా మెత్తిన పొరలు. "ఇల్లు నిలబడింది ఇటుక వల్ల అనుకుంటాం. ఏడాదికోసారి ఎవరో చేతులు మురికి చేసుకున్నారు కాబట్టి నిలబడింది" అన్నారు.

ఆవిడకు అన్నిటికన్నా ఇష్టమైన ఫొటో ఇరాక్‌లో దొరికిన ఒక ఇటుకది. దాని మీద కుక్క పాదాల గుర్తులు. ఆరబెట్టిన తడి ఇటుకల మీంచి ఏదో కుక్క నడిచిపోయింది, ఆ గుర్తులు వేల ఏళ్లు అలాగే ఉండిపోయాయి. "ఇటుకలు కోసినాయన దాన్ని చూసి ఛీ పో అని అరిచే ఉంటాడు. ఆ అరుపొక్కటే మనకు దొరకలేదు" అనేవారు. ఏళ్ల తరబడి చూపిస్తున్న ఫొటోయే అయినా, ప్రతిసారీ కొంచెం బాధగానే అనేవారు.

రిటైరయ్యాక మేడమ్ పెరట్లో గోడ కట్టడం మొదలుపెట్టారు. ఇర్వింగ్ మట్టి మన నల్లరేగడికి తోబుట్టువు. ఎండకు బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. ఇక్కడ వేసవిలో జనం ఇంటి పునాదులకు పైపులు పెట్టి నీళ్లు పడతారు, మొక్కలకు పట్టినట్టు. "చూశావా, టెక్సస్‌లో కూడా ఇంటిని పెంచాల్సిందే" అని ఆవిడ సంబరపడ్డారు. ఆ మట్టిలో ఇసుక కలిపి, హాలోవీన్ పండగ అలంకరణ అయిపోయాక వీధిలో వాళ్లు బయట పారేసే గడ్డిమోపులు తెచ్చి తరిగి వేసి, నానబెట్టి, తొక్కి, ఎండలో ఇటుకలు కోశారు. పేడ కూడా కలుపుదామంటే అంకుల్ దండం పెట్టారు. గది కడదామనుకున్నది ఒక గోడ, దానికి ఆనుకుని ఒక అరుగు దగ్గర ఆగింది. ఆ అరుగు మీదే ఆవిడ సాయంత్రం టీ.

ప్రతి వసంతంలో, వానలు ముదరకముందు ఒక ఆదివారం మెత్తుడు పండగ. పాత విద్యార్థులం పాతబట్టలు వేసుకుని, పులిహోర గిన్నెలతో వెళ్లేవాళ్లం. మట్టి తొక్కడం, గోడ మెత్తడం, అరుగు అలకడం. అంకుల్ ఒక్కరే మడమ తడవకుండా గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఆయన వంతెనలు డిజైన్ చేసిన ఇంజనీరు. "నేను కాంక్రీట్ మనిషిని, నన్ను వదిలేయండి" అనేవారు.

మేడమ్‌కు జబ్బు చేసి ఆసుపత్రిలో ఉన్న వసంతంలో మెత్తుడు జరగలేదు. గోడ గురించి ఆవిడ దిగులు పడుతుంటే చూడలేక, అంకుల్ మనుషుల్ని పిలిచి చక్కగా సిమెంట్ పూత వేయించారు. ఇంటికొచ్చిన రోజు చేయి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్లి, "ఇంక నువ్వు ఏడాదేడాదీ కష్టపడక్కర్లేదు" అని చూపించారు. నేనూ అక్కడే ఉన్నాను. ఆవిడ గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డారు. "ఎంత నున్నగా ఉందండీ" అన్నారు. అంతే.

మట్టిగోడకు సిమెంట్ తొడిగితే లోపలి తడికి బయటికి దారి ఉండదు. ఆ సంగతి మేడమ్‌కు తెలుసు, నాకు తెలుసు. ఆయన ముఖంలో సంతోషం చూశాక ఎవరమూ చెప్పలేకపోయాం. మరుసటి ఏడు వానలకు సిమెంట్ అట్టలా ఊడి పడింది. దాని వెనక గోడ అడుగు బురదైపోయింది. అంకుల్ ఆ ముక్కల్ని ఏరుతూ, "నీ గోడను నేనే చంపానే" అన్నారట. "చావడానికి అదేమన్నా మనిషా? మట్టేగా, మళ్లీ తొక్కుదురుగాని" అని ఆవిడ నవ్వేశారట. అప్పటికే ఆవిడకు అరుగు దాకా నడిచే ఓపిక లేదు. గోడ మీదికి నీలం టార్ప్ వచ్చింది. ఆయన టార్ప్‌ను కాపాడుకున్నంతగా ఇంకేదీ కాపాడుకోలేదు.

కర్మలు అయ్యాక అంకుల్ అందరికీ వాట్సాప్‌లో ఒక్క వాక్యం పెట్టారు: ఆదివారం పాతబట్టల్లో రండి. వెళ్లేసరికి పెరట్లో మట్టి నానబెట్టి ఉంది. ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గుంట అంచున నిలబడి, "జారతానంటావా అమ్మా?" అని నన్ను అడిగారు. "నా చెయ్యి పట్టుకోండి అంకుల్" అన్నాను. కాలు పెట్టగానే "చల్లగా ఉందే" అన్నారు, ఇన్నేళ్లూ ఎవరూ తనకు చెప్పనట్టు. ఆ పూటంతా తొక్కుతూనే ఉన్నారు. మధ్యలో కళ్లు తుడుచుకోబోయి ముఖమంతా మట్టి చేసుకున్నారు.

సాయంత్రానికి గోడ అడుక్కి కావలసిన ఇటుకలు కోసి వరసగా ఆరబెట్టాం. మేం చేతులు కడుక్కుంటుండగా పక్కింటి కుక్క కంచెలో ఊడిన చెక్క సందులోంచి దూరి, సరిగ్గా ఆ ఇటుకల మీంచి నడవడం మొదలుపెట్టింది. అంకుల్ చీపురు అందుకుని "ఛీ..." అని, అక్కడే ఆగిపోయారు. కుక్క ఒకసారి ఆయన్ని చూసి, తీరిగ్గా చివరి ఇటుక దాకా నడిచి, అరుగెక్కి పడుకుంది. చీపురు పట్టుకుని ఆయన ఆ తడి గుర్తుల్నే చూస్తూ నిలబడ్డారు.