దేవుడి దగ్గర పెట్టిన రాగి సెంటు

మా అల్లుడికి పాత రాగి నాణేల పిచ్చి. మన కానులూ దమ్మిడీలూ కావు, అమెరికావాళ్ళు దేశం కట్టుకున్న కొత్తలో అచ్చు కొట్టిన సెంట్లు. పుట్టింది కాకినాడ పక్కన, ఉండేది సిడ్నీ క్వేకర్స్ హిల్‌లో, అమెరికా మొహం చూసి ఎరగడు. "మరి వాటి మీద మోజేమిటి బాబూ?" అంటే, "ఒకసారి చేతిలో పెట్టుకు చూడండి అత్తయ్యా" అనేవాడు. మా అమ్మాయి వినదు. "ఆ చిల్లర తర్వాత, ముందు డిష్‌వాషర్ ఫిక్స్ చేయించు" అని లేచిపోయేది. అందుకని సాయంత్రం టీ తాగుతూ వినే పని నాకు పడింది. వినగా వినగా నాకూ ఒంటబట్టింది.

నాణేన్ని అంచులు పట్టుకునే తీయాలి. వేలి తడి తగిలితే మరక పడుతుంది. ముందు చూసేది రంగు. పాత తాటిబెల్లం రంగులో, నున్నగా, గుంటలు లేకుండా ఉండాలి. ఆ రంగు పోతే విలువ పోయినట్టే. తర్వాత దాని మీద అచ్చు కొట్టిన అమ్మాయి బొమ్మ జుట్టు. చెవి పక్క పాయలు విడివిడిగా కనిపిస్తున్నాయా, అరిగి ఒకటే ముద్దయ్యాయా. అన్నీ చూసి మార్కులు వేస్తారు, నూటికి కాదు, డెబ్బైకి. ఎవరు పెట్టారో ఆ లెక్క.

అరుదా కాదా అన్నది మళ్ళీ వేరే. ఆ రోజుల్లో అచ్చులు చేత్తో చెక్కేవాళ్ళట. మనింట్లో కజ్జికాయల అచ్చులు రెండుంటే రెంటి అంచూ ఒకలా ఉంటుందా? అలాగే ఒకే ఏడు కొట్టిన వాటిల్లోనూ ఒకదాని మీద వెనకవైపు ఆకుల దండలో ఆకు కొన అక్షరానికి తగులుతుంది, ఇంకోదాని మీద తగలదు. ఏ అచ్చువి తక్కువ మిగిలితే అవి అరుదు. అరిగి బోడిగుండైనా అరుదైనది అరుదే. "రకం వేరు, ఒళ్ళు వేరు అత్తయ్యా" అనేవాడు.

ఆ చలికాలం మా వియ్యపురాలు, అంటే అల్లుడి తల్లి, మూణ్ణెల్లు ఉందామని వచ్చింది. చేతికి పని లేకపోతే ఆవిడకి తోచదు. అప్పుడే అల్లుడికి ఒక సెంటు దొరికింది. రకమూ అరుదు, ఒళ్ళూ బాగుంది. వాళ్ళ నాణేల సంఘంలో ఒక పెద్దాయన దగ్గర, అల్లుడు ఏళ్ళుగా అడుగుతున్న ఇంకో సెంటు ఉంది. "నీది బాగుంటే మార్చుకుందాం, ఆదివారం పట్రా" అన్నాడట. ఇక అల్లుడి కాళ్ళు నేల మీద లేవు. గురువారం ఆఫీసు నుంచి వచ్చి స్నానం చేసి, దాన్ని చిన్న పళ్ళెంలో దేవుడి దగ్గర పెట్టాడు. కొత్త కారు తాళాలు పెట్టలేదూ, ఇదీ అంతే.

శుక్రవారం పొద్దున నేను వంటింట్లోకి వచ్చేసరికి వియ్యపురాలు తలంటుకుని, చింతపండు నానేసి, పూజ సామానంతా తోమి బోర్లించేసింది. చెంబూ, పంచపాత్రా, ఉద్ధరిణీ. వాటి పక్కన ఆ సెంటు. అప్పుడే తరిగిన క్యారెట్ ముక్కలా ఉంది.

"చూశారా వదినగారూ, మావాడు దేవుడి దగ్గర ఎంత చిలుము పెట్టాడో. ఉప్పేసి రుద్దితే గానీ వదల్లేదు" అంది.

ఈలోగా అల్లుడు దణ్ణం పెట్టుకోడానికి వచ్చాడు. ఎత్తిన చేతులు అలాగే ఉండిపోయాయి.

"మెరుస్తోందా నాన్నా?" అంది తల్లి.

"మెరుస్తోందమ్మా" అని బాత్రూంలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

"యూ షుడ్ టెల్ హర్" అంది మా అమ్మాయి, మేం ముగ్గురమే ఉన్నప్పుడు.

"అమ్మ సంతోషంగా ఉంది, వదిలెయ్" అన్నాడు.

ఆదివారం, మాటిచ్చానుగా అని బయల్దేరాడు. "నేను తోమిందేగా, నేనూ వస్తా" అని తల్లి పట్టుచీర కట్టింది. ఆపేదెవరు? ఆవిడ పక్కన ఒకరుండాలని నేనూ కారెక్కాను.

పరమట్టాలో చిన్న హాలు. పెద్దాయన నిక్కరేసుకుని, మెడలో భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడు. సెంటుని దీపం కింద అటూ ఇటూ తిప్పాడు. "ఓ, మేట్" అన్నాడు మెల్లగా. రకం నువ్వు చెప్పిందే, కానీ ఎవరో రుద్దేశారే, ఎవరది, అని అడిగాడు.

"నేనే" అన్నాడు అల్లుడు ఇంగ్లీషులో.

"ఏమంటున్నాడ్రా?" అంది తల్లి.

"అరుదైందేనంటున్నాడమ్మా."

అబద్ధం కాదు. సగమే చెప్పాడు. పెద్దాయన పాపం మంచివాడు, తన సెంటు తీసి పక్కన పెట్టి చూపించాడు. తాటిబెల్లం రంగు. వియ్యపురాలు అదీ చూసింది, మనదీ చూసింది, కొడుకు మొహమూ చూసింది.

"ఈయనది ఎవరూ తోమలేదా?" అంది.

అల్లుడు మనది తీసి జేబులో వేసుకున్నాడు. మార్చుకోవడం జరగలేదు.

తిరిగొస్తూ హారిస్ పార్క్‌లో ఆగి మిరపకాయ బజ్జీలు తీసుకున్నాం. ఆవిడ ముట్టుకోలేదు.

"నాకెందుకు చెప్పలేదురా?"

"దేవుడి దగ్గర పెట్టింది నేనేగా అమ్మా. నల్లటి రాగి శుక్రవారం పూట కనపడితే తోమక ఏం చేస్తావు?"

"నీ మొహం, అడిగి తోమేదాన్నిగా. మళ్ళీ నల్లబడుతుందా?" అంది.

"పడుతుంది. ఓ యాభై ఏళ్ళు పోతే."

ఆవిడ ఆలోచించి ఒక బజ్జీ తుంచింది. "అయితే ఎవరికీ ఇవ్వకు. రకం ఎటూ పోలేదుగా, ఒళ్ళు అదే వస్తుంది."

అల్లుడు నవ్వాడు. గురువారం తర్వాత నవ్వడం అదే.

ఆ సెంటు టీవీ పక్కన అద్దాల అరలో చేరింది. ఆవిడ ఊరెళ్ళేదాకా పొద్దున్నే నన్ను చేయి పట్టి తీసుకెళ్ళి అడిగేది, "చూడండి వదినగారూ, ఎరుపు కాస్త తగ్గిందా?"

"తగ్గింది" అనేదాన్ని.

ఆవిడ వెళ్ళాక ఇప్పుడు అదే మాట అల్లుడు అడుగుతున్నాడు.