ఫుజైరా మంచు మీద ఆరుగురం

నా చిన్నప్పుడు నేనాడిన బేరాల్లో అంత లాభసాటిది ఇంకొకటి లేదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను. ఫుజైరాలో మా నాన్నది సూట్‌కేసులూ దుప్పట్లూ అమ్మే దుకాణం. నేను పెరిగింది దుకాణదారుల మధ్యే. చెప్పిన ధరకి ఏదైనా కొనేస్తే ఆ పూట నాకు అన్నం సహించేది కాదు. అలాంటిదాన్ని పదకొండేళ్లకే మా ఊరి పిల్లల ఐస్ హాకీ జట్టు కోచ్‌తో బేరానికి దిగాను. ఆయనకి గోల్ దగ్గర నిలబడేవాళ్లు దొరకడం లేదు. నేను నిలబడతాను గానీ స్కేటింగ్ పాఠాలకి మాత్రం రానన్నాను. ఉన్నచోట ఉండే పనికి జారడం నేర్చుకోవడమెందుకు? పాపం ఆయన ఒప్పుకున్నాడు.

ఆ జట్టు 2003లో అరువు హెల్మెట్లతో, పన్నెండు మందితో మొదలైంది. తర్వాత ఒకడి నాన్నకి వీసా అయిపోయింది, ఇంకొకడి నాన్నకి మస్కట్ బదిలీ అయింది, ఇద్దరిని చదువులకని ఇండియా పంపేశారు. అలా తరిగి తరిగి రెండేళ్లకి ఆరుగురం మిగిలాం. ఆటకి కావలసింది సరిగ్గా ఆరుగురే. మేమాడే మంచు రింక్ నడిపే ముదీర్, అంటే మేనేజరు, ముందే తేల్చేశాడు: దుబాయ్ పిల్లలతో మ్యాచ్ ఆరుగురితో చివరిదాకా ఆడితేనే శుక్రవారం పొద్దుటి గంట మాకు ఉంటుంది, లేకపోతే పుట్టినరోజు పార్టీలకి ఇచ్చేస్తాడు. ఆ గంట పోతే జట్టు ఖలాస్.

మ్యాచ్ రోజు నన్ను గోల్ దాకా ఇద్దరు తోసుకెళ్లారు, కూరగాయల బండిని తోసినట్టు. ఆ నల్ల రబ్బరు బిళ్ల ఎడమ నుంచి వస్తే అటు తిరగబోయి పడ్డాను. నేను లేచేలోగా కుడి నుంచి వచ్చింది. సగం ఆటకి ఎనిమిది గోల్స్. విరామంలో మా జట్టు మలయాళీ అబ్బాయి గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. నేను చీలమండ బెణికిందన్నాను. ముదీర్ అద్దం అవతల నిలబడి మమ్మల్నే లెక్కపెడుతున్నాడు.

మా పక్క దుకాణం టైలర్ మామది నెల్లూరు. పాత సోఫా ఫోమ్‌తో నా కాళ్ల ప్యాడ్లు కుట్టింది ఆయనే. చూడటానికొచ్చినవాడు నా ముందు కూర్చుని చీలమండ పట్టుకోబోయాడు. ఆయన వేళ్లు తగలకముందే నేను అబ్బా అన్నాను. ఆయనకి తెలిసిపోయింది. అయినా ఎవరికీ చెప్పలేదు. నాకు మాత్రమే వినబడేలా, "లేవడం చేతగాకపోతే లేవమాక అమ్మాయ్. బట్టల తాను పరిచినట్టు అడ్డంగా పడుకో. కిందగా వచ్చేది నిన్ను దాటే గదా పోవాలి," అన్నాడు.

వెళ్లి పడుకున్నాను. బిళ్ల మోచేతికి తగిలింది, పక్కటెముకలకి తగిలింది. చలి చొక్కాలోంచి ఎక్కుతోంది. గడియారంలో ముల్లు కదలడమే లేదు. లేచి బయటికి పోవాలని ఎన్నిసార్లు అనిపించిందో. ఒకటి మాత్రం నా పైనుంచి ఎగిరి లోపలికి పోయింది. గంట మోగేసరికి తొమ్మిది, రెండు. ఓడిపోయాం, కానీ ఆరుగురమూ మంచు మీదే ఉన్నాం. శుక్రవారం గంట మాకే మిగిలింది. ఆ గంట మీదే జట్టు 2008 దాకా బతికింది.

బూట్లు విప్పుతుంటే మలయాళీ అబ్బాయి, ఈమెకి నిలబడటం కూడా రాదని హిందీలో అన్నాడు. వెంటనే టైలర్ మామ తప్పు తనదేనని, ప్యాడ్లు మరీ బరువుగా కుట్టేశానని చెప్పాడు. అందరూ ఆయనవైపు తిరిగారు. నేను అడగకుండానే బయటపడిపోయాను. ఇంతకంటే మంచి బేరం నాకెక్కడ దొరుకుతుంది? ఒక బూటు లేసు విప్పేంతసేపు ఊరుకున్నాను. ఆ కాసేపూ ఆయన తల దించుకుని దారపు ఉండ చుట్టుకుంటూ కూర్చున్నాడు.

"ప్యాడ్లు బాగానే ఉన్నాయి. నేనే పాఠాలకి రాలేదు. కాలు కూడా బెణకలేదు," అన్నాను.

అప్పటినుంచి ఏ పని చెడినా, మంచివాళ్లెవరో నా తప్పు నెత్తినేసుకునే లోపే నా వాటా నేను చెప్పేస్తాను. ఆ రోజు తొమ్మిది గోల్స్‌లో రెండు ఎవరూ ఆపలేనివి. ఏడు నావి.