మేనరికం మీద నా ఉపన్యాసం

నోరు అదుపులో లేనివాడి పెళ్లి ఎలా చెడుతుందో తెలుసుకోవాలంటే ఇలా వచ్చి కూర్చోండి. డెబ్బైల్లో బెజవాడలో జువాలజీతో బీయస్సీ పాసై, ఈ డెల్టా మొత్తానికి సైన్సు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటూ తిరిగే రోజులవి. తన తమ్ముడి కూతురు సుశీలను నాకు చేయాలని మా అమ్మ నన్ను పామర్రు తీసుకెళ్లింది. ఆ పిల్లను నేను చివరిసారి చూసేటప్పటికి చీమిడి ముక్కు, చింపిరి జుట్టు.

"చేసుకోను" అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? బెల్‌బాటమ్ సర్దుకుని వీధరుగు మీద నిలబడ్డాను.

"మావయ్యా, దగ్గరి రక్తంలో దాగిన లోపం ఇద్దరికీ ఒకటే అయ్యుండొచ్చు. ఆ ఇద్దరూ పెళ్లాడితే అది పిల్లల్లో బయటపడుతుంది. మీ పక్కింటి మేరీ టీచరుగారినడుగు, ఇలాంటి పెళ్లికి వాళ్ల ఫాదరుగారు అంత తేలిగ్గా ఒప్పుకోరు. అసలు మరదలంటే చెల్లెలితో సమానం!"

మావయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎంత బాగా చెప్పావురా! ఇన్నాళ్లూ మాకీ ముక్క చెప్పినవాడే లేడు."

సరిగ్గా అప్పుడే సుశీల కాఫీ తెచ్చింది. గుంటూరు హాస్టల్లో ఉండి చదువుకొచ్చిన పిల్ల. అయ్యబాబోయ్! నా జువాలజీ అంతా ఆ కాఫీలో పంచదారలా కరిగిపోయింది. "బాగా మాట్లాడావు బావా" అని నవ్వింది. ఆ పిల్లే కావాలనిపించింది. నిజంగానే అనిపించిందండీ, నవ్వకండి.

"సైన్సులో మినహాయింపులు కూడా ఉంటాయి మావయ్యా..."

"ఊరుకోరా, నీకన్నీ మొహమాటాలే. చెల్లెల్లాంటి దాన్ని చేసుకోమని బలవంతం చేస్తామా? ఏమే సుశీ, ఇవాళ్టి నుంచి అన్నయ్యా అని పిలు!"

తిరుగు బస్సులో మా అమ్మ ఒక్క మాటే అంది: "అందరి కొడుకులూ చదివి ఉద్యోగం తెచ్చుకుంటార్రా, నువ్వు చెల్లెల్ని తెచ్చుకున్నావు."

ఆ వేసవిలోనే సుశీల పెళ్లి. పెళ్లికొడుకు ఉయ్యూరు కుర్రాడు, మా అత్తయ్యకు సొంత అన్నగారి కొడుకు. పందిట్లో మావయ్యను పట్టుకున్నాను.

"ఇదీ మేనరికమే కదా మావయ్యా!"

"నువ్వు చెప్పింది మన రక్తం సంగతిరా. ఇది మీ అత్తయ్య వైపు రక్తం. దానికి ఏ దోషమూ లేదని మీ అత్తయ్యే చెప్పింది."

ఇంతలో పురోహితుడు కేకేశాడు. "లాజహోమం! పెళ్లికూతురి దోసిట్లో పేలాలు పొయ్యడానికి అన్నదమ్ములెవరండీ?"

సుశీల ఒక్కతే సంతానం. పందిరి పందిరంతా నావైపు తిరిగింది. వెళ్లి పోశాను. పొగ వంక పెట్టి కళ్లు తుడుచుకున్నాను. బావమరిది మర్యాద కింద పెళ్లికొడుకు నా చేతిలో పంచెల చాపు పెడుతూ, "మీరు మేనరికాల మీద బాగా మాట్లాడతారటగా బావగారూ!" అన్నాడు.

ఆ అగ్నిసాక్షిగానే నేనూ ఒక ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్లీ పిల్లను కళ్లారా చూడకుండా సైన్సు మాట్లాడను.