కందిగింజంత కన్నం

మాస్టారు పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఆయన మీద కోపంగానే ఉన్నాను. గుండె ఆగిపోయిందట, తెల్లారేసరికి అంతా అయిపోయిందట. ఏడవడానికి ముందు నా నోట్లోంచి వచ్చిన మాట, "మరి నా సైటు?" అని. సిగ్గుపడాల్సిన మాటే. కానీ రెండేళ్లుగా నన్ను ఎంత సతాయించారో తెలిస్తే మీరు కొంతైనా క్షమిస్తారు.

ఆయన మా రైఫిల్ క్లబ్బులో షూటింగ్ నేర్పేవారు. గరివిడి ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా రిటైరయ్యారు. నా దగ్గర ఉన్నది నాన్న నుంచి లైసెన్సు మార్పించుకున్న పాత టార్గెట్ రైఫిల్. ఒక్కో గుండు చేత్తో పెట్టి కాల్చాలి. నలభై దాటాక, గురి చూడటానికి దాని మీదుండే వెనక సైటు గాటు నా కంటికి మసకబారింది. ఆ మాట చెప్పగానే మాస్టారే అన్నారు, "టాంగ్ సైటు ఎట్టుకోయే పాపా. పాతకాలందే గానీ దాన్ని మించింది నేదు."

కుందా, అంటే రైఫిల్ చెక్క పిడి, దాని మెడ మీద, బొటనవేలు పడేచోట, రెండు మరలతో బిగించే సైటు అది. నిలువు కాడ, దాని మీద పైకీ కిందకీ జరిగే బిళ్ళ, బిళ్ళ మధ్యలో సన్నటి కన్నం. అక్కర్లేనప్పుడు మడిచేయొచ్చు. కన్నం కంటికి దగ్గరగా ఉంటుంది కాబట్టి గురి తేటగా కనిపిస్తుంది.

చెప్పినంత సులువుగా కొననిచ్చారా? పుస్తకంలో బొమ్మ చూసి జానెడు కాడ ఉన్నది తెప్పించాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "యాభై మీటర్లకి ఇంత కాడెందుకే? ఆకాశంలో కాకిని కొడతావేటి?" అన్నారు. పైగా దాని మర కన్నాలు నా రైఫిల్ కన్నాలతో కలవలేదు. కొత్త కన్నాలు వేయిద్దామంటే ఇంతెత్తున లేచారు. "మీ నాన్న తుపాకీకి బెజ్జం ఎట్టేవంటే నా గుమ్మం ఎక్కకు!"

సైటు ఏరడానికి ఆయనకో పద్ధతి ఉండేది. తాటిమట్టని పలచగా చీల్చి, కాల్చిన సూదితో కన్నం పెట్టి, ఆ ముక్కని రైఫిల్ మెడకి దారంతో కట్టేవారు. నేల మీద బోర్లా పడుకుని, చెంప కుందాకి ఆనించి చూడాలి. కన్ను ఎత్తు కుదిరితే, కన్నం కుదిరితే, అప్పుడే ఆ కొలతకి సరిపడే ఇత్తడి సైటు కొనాలి. కుర్చీలో కూర్చుని కొలిస్తే ఒప్పుకునేవారు కాదు. "కన్నం కేసి సూడకే, కన్నంలోంచి సూడు," అని ఆయన రోజూ అనే మాట.

ఎచ్చెర్లలో ఉద్యోగం, ఆదివారం ఒక్కటే నాది. ఆ ఒక్కటీ బస్సులో గరివిడికి ధారపోశాను. వెళ్ళిన ప్రతిసారీ కొత్త ముక్క. ముందు ఆయన చూసేవారు, తర్వాతే నాకిచ్చేవారు. రానురాను కన్నాలు పెద్దవైపోయాయి. "మాస్టారూ, ఇందులో టార్గెట్ ఈదుతోంది, మొదటిదే బాగుంది," అంటే వినేవారు కాదు. "ఎలుగు సాలదే దాన్లో. ఒచ్చే ఆదివారం ఇంకోటి సూద్దుం." తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పోయిన ఏడాది పోటీకి పాత గాటు సైటుతోనే వెళ్ళి, చివరి వరసలో నిలబడి వచ్చాను.

ఇప్పుడు గుర్తొస్తోంది. రైఫిల్ ఎవరికిచ్చినా ముందు లోపల గుండు లేదని తెరిచి చూసేవారు. ఈమధ్య చూడటం మానేసి చిటికెనవేలు పెట్టి తడిమేవారు. పెద్దాయన, జాగ్రత్త ఎక్కువైంది అనుకున్నాను.

ఆఖరి ఆదివారం నా ఓపిక చచ్చిపోయింది. "మీరు చెప్పరు, నన్ను కొననివ్వరు. మీ వల్ల కాదు గానీ నేనే ఏరుకుంటాను," అని అరిచాను. ఆయన రైఫిల్ తుడిచి, వేలితో తడిమి, నా చేతికిచ్చారు. వస్తానని చెప్పకుండా వచ్చేశాను.

పెద్దకర్మ నాడు పొద్దున్నే గరివిడి వెళ్ళాను. మాస్టారి భార్యని నేను పిన్నీ అంటాను. నన్ను ఆయన గదిలోకి తీసుకెళ్ళి చెప్పింది.

"రెండేళ్లైనాదమ్మా ఆ కుడికన్ను మసకేసి. శుక్లం తీయించుకోమంటే ఇన్నారు కాదు. తాళం కన్నంలో సెవి ఎట్టనేకపోయీవోరు."

"నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"నీకు సెప్పొద్దని ఒట్టెట్టించుకున్నారు. సూపు నేనోడు పాపకి సైటేటి ఏరతాడు అంటారని సిగ్గు. ఈ కంటికి ఆనింది కుదిరిందని ఎలా సెప్పీది, ఆననిది కాదని ఎలా సెప్పీది అని రాత్రల్లా బాధపడీవోరు."

నా కన్ను మసకేసిందని నేను మొదటిరోజే ఆయనకి చెప్పాను. ఆయన అదే మాట నాతో అనలేకపోయారు. ఒక్క మాట అని ఉంటే, చూడటం నా వంతు, చెక్కటం మీ వంతు అనేదాన్ని కదా! నాకు కోపం ఇంకా తగ్గలేదు. ఆయన మీదో, వేలితో తడమటం చూసి కూడా అడగని నా మీదో తెలియటం లేదు.

కిటికీ గట్టు మీద తాటిమట్ట ముక్కలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ప్రతిదాని వెనకా పెన్సిల్‌తో 'పాప' అని, కింద నెల పేరు. మొదటి ముక్కల్లో అక్షరాలు పొందికగా ఉన్నాయి, తర్వాతవాటిలో ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. మొదటిది తీసి కంటికి పెట్టుకున్నాను. వీధి చివర కరెంటు స్తంభం మీద నంబరు కూడా తేటగా కనిపించింది. నాకు కుదిరింది అదే. దాన్ని సంచిలో వేసుకున్నాను.

మిగిలినవాటిని కదపలేదు. ఎండ వాటిలోంచి గట్టు మీద పడుతోంది. ఒక్కో ముక్క నీడలో ఒక్కో వెలుగు చుక్క. ఆవగింజంత, పెసరగింజంత, చివరిదాంట్లో కందిగింజంత.