ఎర్రబల్బుల టైరు

"మన బోర్డు చూసి ఎవరైనా గాభరాపడి బ్రేకు కొడితే, వెనక వచ్చే బండి గుద్దేస్తే ఏం చేద్దాం అత్తయ్యా?"

కోడలు ఆ మాట అనేసరికి పాపకి అన్నం పెడుతున్న అత్తయ్య చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. "సాయంత్రం పూట ఇవేం మాటలే తల్లీ," అంది. "మీ మామయ్య వింటే ఆ బోర్డుకి ఇంకో నాలుగు బల్బులు తగిలిస్తాడు."

మామయ్యది టైర్ల కొట్టు. పెద్దరోడ్డు మలుపు తిరగ్గానే ఎడమ పక్కన ఉంటుంది, ఇల్లు దాని వెనకే. చిన్నప్పుడు ఎవరి దగ్గరో పంక్చర్లు వేస్తూ పని నేర్చుకుని, కొన్నాళ్ళకి సొంతంగా గాలి మిషను పెట్టుకున్నాడు. లారీల వాళ్ళకి ఆయన గాలి మేస్త్రీ. ఇనుప రాడ్డుతో టైరు మీద ఒక్క దెబ్బ వేసి, ఆ చప్పుడుని బట్టి లోపల గాలి సంగతి చెప్పేస్తాడు. ఆ అలవాటు ఇంట్లో కూడా వదల్లేదు. నీళ్ళ ట్యాంకు, గ్యాసు బండ, తలగడ, ఏది కనబడితే దాన్ని తట్టి చూస్తాడు. మనవరాలు పుట్టినప్పుడు ఆసుపత్రిలో దాని పొట్ట మీద వేలితో మెల్లిగా తట్టి, "గాలి సరిపోయింది. ఇక బండి రోడ్డెక్కచ్చు," అన్నాడు. అందరూ నవ్వారు. కోడలు మాత్రం, ఈయన చేతులు కడుక్కున్నారో లేదో అని ఆలోచిస్తూ ఉండిపోయింది.

కోడలు ఫిజిక్సు చదివింది. పాప పుట్టాక ఆ చదువంతా భయాలకే పనికొస్తోంది. మంచం మీంచి ఏదైనా జారిందంటే చాలు, అది ఎంత వేగంతో నేలని తాకుతుందో మనసులో లెక్క మొదలవుతుంది.

ఆ బోర్డుని మామయ్య ముచ్చటపడి చేయించాడు. అరిగిపోయిన లారీ టైరు చుట్టూ ఎర్రబల్బులు బిగించి, మోటారు పెట్టి గుండ్రంగా తిరిగేలా చేసి, ప్రహరీ బయట రోడ్డు వైపున్న స్తంభానికి ఎక్కించాడు. చీకటి పడితే అది వెలుగుతూ ఆరుతూ తిరిగేది. "చూశావా అమ్మాయ్, అది పెట్టిన దగ్గర్నుంచీ మలుపు తిరిగిన ప్రతి బండీ మన దగ్గర స్లో అవుతోంది. మన పేరు అలా పాకింది," అనేవాడు.

ఇంతలో రోడ్ల ఆఫీసు నుంచి ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"పెద్దాయనా, మీ స్థలంలో మీ కొట్టు పేరు రాసుకోండి, ఎవరూ కాదనరు. కానీ ఈ స్తంభం రోడ్డు స్థలంలో ఉంది. పైగా పెద్దరోడ్డు పక్కన వెలిగి ఆరే ఎర్రలైటు పెట్టకూడదు, సిగ్నలనుకుంటారు. వచ్చే వారం మళ్ళీ వస్తాను. ఇలాగే ఉంటే స్తంభంతో సహా పీకించేస్తాం. ఆ తర్వాత ఇక్కడ ఏ బోర్డుకీ అనుమతి రాదు."

ఆయన వెళ్ళిపోయాక మామయ్య కొట్టు ముందు స్టూలు మీద కూలబడ్డాడు. అసలే కొట్టు మలుపు చాటున ఉంది. బోర్డే లేకపోతే ఇక్కడ గాలి మేస్త్రీ ఉన్నాడని కొత్త డ్రైవర్లకి ఎలా తెలుస్తుంది? అయినా మాట మాత్రం తగ్గలేదు.

"టైరుని చూసి సిగ్నలనుకునే మొనగాడెవడు?"

"చీకట్లో టైరు కనబడదు మామయ్యా," అంది కోడలు. "దూరానికి ఎరుపొక్కటే కనిపిస్తుంది. ముందు బండి ఆగితే వెనక బండి..."

మామయ్య కొట్టు వ్యాను తాళాలు అందుకున్నాడు. "పద. నువ్వన్నది నిజమో, ఉత్త భయమో డ్రైవరు సీట్లోంచే చూద్దాం."

"ఈ షికారేదో బోర్డు పెట్టకముందు చేసుండాల్సింది," అంది అత్తయ్య పాపని చంకనేసుకుని లోపలికి నడుస్తూ.

మసక పడుతోంది. కొంత దూరం వెళ్ళి వెనక్కి తిరిగారు. మామయ్య ఏవో పాత లారీల కబుర్లు చెబుతూ నడుపుతున్నాడు. మలుపు తిరిగారో లేదో వ్యాను ఒక్క కుదుపుతో నెమ్మదించింది. కోడలు ముందుకి తూలింది. వెనకాల హారన్ గట్టిగా మోగింది, ఒక కారు పక్కనుంచి రాసుకున్నంత దగ్గరగా దూసుకుపోయింది.

మామయ్య వ్యాను పక్కకి తీసి ఆపి, తన కాలి వైపు చూసుకున్నాడు. "నేను తొక్కలేదమ్మాయ్," అన్నాడు. "కాలే తొక్కేసింది." బోర్డు వైపు చూసి, "అంటే ఇన్నాళ్ళూ స్లో అయినవాళ్ళు నా కోసం కాదన్నమాట," అన్నాడు చిన్నబోయి.

మర్నాడు ఆయనే నిచ్చెనెక్కి టైరుని దింపాడు. ప్రహరీ లోపల, కొట్టు గోడ మీద తెల్లగా "టైర్లు, గాలి, పంక్చర్" అని పెద్దక్షరాలతో రాయించాడు. పైన కదలకుండా వెలిగే ఒక్కటే దీపం. దాని వెలుగు రోడ్డు మీద వెళ్ళేవాళ్ళ కళ్ళలో పడకుండా అక్షరాల మీదే పడేలా కోడలు దగ్గరుండి వంచి పెట్టించింది. సాయంత్రం ఇద్దరూ మళ్ళీ వ్యానులో వెళ్ళారు. ఈసారి మలుపు తిరిగాక మామయ్య కాలు దాని చోటున అది బుద్ధిగా ఉంది. అక్షరాలు మాత్రం నిమ్మళంగా చదువుకునేలా కనబడ్డాయి.

ఇన్‌స్పెక్టరు అన్న మాట ప్రకారం వచ్చాడు. మలుపు దాకా నడిచి, అక్కడ నిలబడి చూసి, తిరిగొచ్చాడు. అంతసేపూ మామయ్య రాడ్డుతో గోడని తడుతూనే ఉన్నాడు.

"ఇది ఉంచుకోండి పెద్దాయనా, ఇబ్బందేం లేదు. అన్నట్టు, మా జీపుకి కాస్త గాలి చూస్తారా?"

మామయ్య రాడ్డుతో సహా జీపు వైపు దాదాపు పరుగెత్తాడు. "ఇప్పటికి మీ మామయ్య మొహంలో గాలి నిండింది," అంది అత్తయ్య. కోడలు ఎన్నాళ్ళకో హాయిగా నవ్వింది.

ఆ వారంలోనే, అదివరకెప్పుడూ ఆగని ఓ లారీ డ్రైవరు ఆగి, "ఇక్కడ టైర్ల కొట్టుందా మేస్త్రీ? ఆ ఎర్రలైటు చూసి రోడ్డు పని జరుగుతోందేమో అనుకుని ఇన్నాళ్ళూ తప్పుకుని పోతున్నాను," అన్నాడు.

ఇప్పుడు పాప పాకుతోంది. రోజూ పొద్దున్నే దాన్ని కింద వదిలే ముందు కోడలు తను ఓసారి గదంతా పాకి వస్తుంది. అలా పాకినప్పుడే బల్ల కింద వేలాడుతున్న ఇస్త్రీ పెట్టె వైరు కనబడితే తీసేసింది. అన్నాళ్ళూ భయపెట్టిన బీరువా మూల మాత్రం, పాప ఎత్తు నుంచి చూస్తే, అసలు దారిలోనే లేదు.

"ఏంటి, ఏమైనా పోయిందా?" అన్నాడు గుమ్మంలో నిలబడ్డ భర్త.

"ఏం పోలేదు. మీ నాన్నగారు చెప్పిందే చేస్తున్నాను," అంది నేల మీంచే.

రెండోసారి వ్యానులో వెళ్ళి తిరిగొస్తుండగా ఆయన ఆ మాట అన్నాడు: "భయమేసినప్పుడు భయం పక్కన కూర్చోకమ్మాయ్. ఎవరికేమవుతుందోనని భయమో, వెళ్ళి వాళ్ళ సీట్లో కూర్చుని చూడు. తీసెయ్యాల్సింది తీసెయ్. మిగతాది వదిలెయ్."