అక్క గొంతు

మా పెద్దమ్మ కూతురికి మెల్లగా మాట్లాడటం రాదు. షోలాపూర్ భవాని పేట్‌లో వాళ్లది కింద మరమగ్గాలు, పైన కాపురం ఉన్న ఇల్లు. ఆ చప్పుడులో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాల్సిందే. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పుణె వెళ్లాక కూడా అక్క అలాగే మాట్లాడేది. నేనూ ఆ పనే వెతుక్కుంటూ వెళ్లి ఆమె గదిలోనే ఉన్నాను.

ఒకరోజు ఆఫీసులో ఎవరో ఆమె గొంతును అనుకరించి చూపించారట. అందరూ నవ్వారట. ఆ సాయంత్రం నుంచి అక్క గుసగుసల్లోకి దిగింది. నాతోనూ అంతే, ఇంటికి ఫోన్ చేసినా అంతే.

"ఏమంటున్నవే? ఇనొస్తలేదు!" అని పెద్దమ్మ అటునుంచి అరిచేది.

"ఏం లేదమ్మా, బరాబర్ ఉన్న" అని అక్క ఇంకా మెల్లగా అనేది.

బిడ్డకు ఏదో అయిందని భయపడి పెద్దమ్మ మగ్గాలు ఆపేసి రైలెక్కి వచ్చేసింది. స్టేషన్ నుంచి వచ్చే దారిలోనూ అక్కవి గుసగుసలే. లిఫ్టు ఎక్కాం. అందులో మా బిల్డింగువాళ్లు కొందరున్నారు. పెద్దమ్మ అక్క మెడ మీద చెయ్యి వేసి, "తబ్యేత్ ఖరాబైందా, పానం మంచిగ లేదా? గొంతు పోయిందా బిడ్డా?" అని గట్టిగా అడిగింది. అందరూ తిరిగి చూశారు. ఒకమ్మాయి నవ్వు ఆపుకుంటోంది.

అక్క ముఖం ఎర్రబడింది. తల్లిని ఊరుకోమంటుందేమో అనుకున్నాను. ఆమె తల్లి చెయ్యి పట్టుకుని, లిఫ్టు అదిరేలా అంది:

"ఏం గాలేదమ్మా! మంచిగున్న! నువ్వు పొద్దుగాల ఏమన్న తిన్నవా?"

అప్పుడుగానీ పెద్దమ్మకు ప్రాణం కుదుటపడలేదు.